గీజరు అడుగున ప్లాస్టిక్ కుళాయి

మార్గశిర శుద్ధ దశమి

ఈ పూట తమ్ముడు సారంగం కడుపులోకి ఎక్కించిన మందునీళ్లు మొత్తం బయటికి వచ్చాయి. తేటగా ఉన్నాయి. గొట్టం మీద తెల్లపొడి లేదు. ఆసుపత్రిలో సులోచన సిస్టర్ రోజూ రాసి పెట్టమన్నది ఇంతవరకే. ఇవాళ ఇంకో సంగతి కూడా రాయాల్సి వస్తోంది. గీజరు కింద తడి ఉంది.

పొద్దున స్నానాలగదిలోకి వెళ్తే కర్రచెప్పులు చప్పుడు చేయకుండా మెత్తగా ఆనాయి. వంగి చూశాను. గీజరు అడుగున, బురదనీళ్లు వదలడానికి పెట్టిన చిన్న కుళాయి నుంచి బొట్టుబొట్టుగా కారుతోంది. వేలితో ముట్టుకుంటే బియ్యప్పిండిలా తెల్లగా అంటుకుంది. చెద. ప్లాస్టిక్ బకెట్లు, కుర్చీలు, కరెంటు తీగల మీది తొడుగులు, అన్నీ తిని అది మిగిల్చిన పిండిని ఇన్నేళ్లూ ఊడుస్తూనే ఉన్నాం. ఈ నిలువెత్తు ఇనుప పీపాలో ప్లాస్టిక్ ముక్క ఒకటి మిగిలిందని నాకెప్పుడూ తట్టలేదు. చేసినవాడు అన్నీ లోహంతో చేసి, ఎవరికీ కనపడని ఆ అడుగు కుళాయి దగ్గర మాత్రం ప్లాస్టిక్ పెట్టాడు. పైన నీళ్లు ఎంత కాగినా అడుగున చెద చచ్చేంత వేడి ఎక్కవు. చెదకు కావలసింది ఆ గోరువెచ్చని తడే.

మంచం మీద నుంచి సారంగం అడిగాడు. "ఏమైందక్కా? అంతసేపు వంగున్నవ్?"

"కింది కుళాయి కారుతున్నది."

"గీజరుకు సుత నా రోగమే వచ్చినట్టున్నది. దానికి సుత గొట్టం పెట్టిద్దాం."

వాడు నవ్వాడు. నేను కూడా నవ్వినట్టు చేశాను. వాడికి కిడ్నీలు పోయాక పొట్టలో గొట్టం పెట్టారు. రోజుకు నాలుగుసార్లు మందునీళ్లు ఎక్కించి, ఒంట్లోని మలినం వాటిలోకి దిగాక బయటికి తీస్తాం. గొట్టం పొట్ట బయట జానెడు వేలాడుతుంది. సీసాను దానికి కలిపే గొట్టం ఇంకోటి ఉంది. రెండూ చెద తినే సరుకే. చెద బయటి కొస దగ్గర మొదలై లోపలికి నడుస్తుంది. చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లలో మాత్రం చస్తుంది. అందుకే కలిపే గొట్టాన్ని గాజుజాడీలో వేడినీళ్లలోనే ఉంచుతాను. పొట్ట మీది కొసకు పూటపూటా వేడిగుడ్డ చుడతాను.

ఇక్కడ మధ్యాహ్నం కాసేపే కరెంటు. అప్పుడు కాగిన నీళ్లను ఈ పీపా మర్నాటి మధ్యాహ్నం దాకా వేడిగా నిలబెడుతుంది. ఊరి పంపుల కోసమని లోహ సంఘం వాళ్లు ఇంటింటికీ తిరిగి గీజర్లూ ఇత్తడి బిందెలూ మోసుకుపోయినప్పుడు, సులోచన సిస్టర్ చీటీ రాసిచ్చిందని మాది వదిలేశారు. ఈ భవనంలో ఇదొక్కటే మిగిలింది.

తడి చోట లక్క పూసిన గుడ్డ బిగించాను. కరెంటు తీగలకు లక్కగుడ్డ చుట్టడమే కదా నా ఉద్యోగం. అంతకంటే గట్టిగా ఎవరూ చుట్టలేరు.

ద్వాదశి

గుడ్డ నిలవలేదు. కుళాయిని ఇంకాస్త బిగిద్దామని తిప్పితే పిడి చేతిలోకి వచ్చేసింది. దాంతోపాటు మెడ కూడా విరిగింది. పీపాలో ఉన్న వేడినీళ్లన్నీ పాదాల మీదుగా పోయాయి. కాళ్లు కాలిన సంగతి తర్వాత తెలిసింది. ఆ నీళ్లను ఆపాలని రెండు చేతులూ అడ్డం పెట్టాను. చేతులతో ఆగుతాయా?

తలుపు పట్టుకుని సారంగం నిలబడ్డాడు. "అక్కా, ఇడిసిపెట్టు. కాలుతయ్. నీళ్లే గదా."

నీళ్లే.

నా మంచం కోడు చెక్కి మేకులాంటి బిరడా చేశాను. లక్క పూసి ఆ రంధ్రంలోకి దిగ్గొట్టాను. పై ట్యాంకు నుంచి నీళ్లు వదిలాను. చుక్క కూడా కారలేదు. మధ్యాహ్నం కరెంటు వచ్చింది. నీళ్లు వేడెక్కేకొద్దీ లక్క మెత్తబడింది. నేను వంటింట్లో ఉండగా బిరడా తుపాకి గుండులా ఎగిరి ఎదురుగోడకు కొట్టుకుంది.

ఇప్పుడు బాల్కనీలో మూడు ఇటుకల పొయ్యి పెట్టాను. గాజుజాడీని కుండనీళ్లలో ఉంచి కింద మంట వేస్తున్నాను. పొట్ట మీది వేడిగుడ్డ తనే చుట్టుకుంటానన్నాడు సారంగం. కట్టెలు లేవు. ఊళ్లో చెట్లు కొట్టడానికి వీల్లేదు. బీరువా తలుపులు కోశాను.

పౌర్ణమి

యాకూబ్ పాత సామాన్ల దుకాణానికి వెళ్లాను. విరిగిన మెడను చూపిస్తే అతను వేలు దూర్చి కొలిచాడు.

"ఈ సైజుది నా దగ్గర లేదమ్మా. ఇత్తడిది లేదు, ఇనుపది లేదు. మరలున్న ముక్కంటూ ఏది దొరికినా సంఘమోళ్లు ఊరి పంపులకు తీస్కపోతున్నరు."

"మూత దొరికినా చాలు యాకూబ్ భాయ్. రంధ్రం మూస్తే చాలు."

"మూత సుత మరలున్నదే గదా." అతను నా కాళ్ల మీది బొబ్బలు చూశాడు. "పెంబర్తికి పో. వీరాచారి అని ఉంటడు. పోతపోసి ఇస్తడు. కాని ఇత్తడి నువ్వే తీస్కపోవాలె. ఆయన దగ్గర మట్టి అచ్చులు తప్ప ఏం మిగల్లే."

ఇంటికొచ్చి ఇల్లంతా వెతికాను. తలుపు గడియలు ఇనుపవి. బిందె ఎప్పుడో పోయింది. అమ్మ దీపపు కుందె కూడా ఆ రోజే పోయింది. దేవుడి గూట్లో ఉన్నది మట్టి ప్రమిద.

సారంగానికి పెంబర్తి సంగతి చెప్పలేదు. చెబితే ఏమంటాడో నాకు తెలుసు.

బహుళ విదియ

యాకూబ్ చెప్పేశాడు. నేను పనికి పోయినప్పుడు సారంగమే మెల్లగా దుకాణం దాకా నడిచి వెళ్లి అడిగాడట. నేను వచ్చేసరికి మంచం మీద ట్రంపెట్ ఉంది.

అది వాడి ప్రాణం. పెళ్లి బ్యాండులో పద్దెనిమిదో ఏట చేరాడు. తను పెళ్లి చేసుకోలేదు గానీ ఈ చుట్టుపక్కల ఎన్ని పెళ్లిళ్లకు వాయించాడో. లోహ సంఘం వచ్చిన రోజు దాన్ని దుప్పట్లో చుట్టి, మీద పడుకుని, జ్వరమని మూలిగాడు. పొట్టలో నీళ్లు మోస్తూ ఊదకూడదని డాక్టర్లు అన్నాక, రోజూ తుడిచి పెట్టుకోవడమే.

"తీస్కపోక్కా."

"వద్దు. వేరే చూస్తా."

"ఏం చూస్తవ్? బీరువా అయిపోయింది. మంచం కోడు అయిపోయింది. రేపు నన్ను పొయ్యిల పెడ్తవా?"

"సారంగం!"

"ఊదేటోనికే గదక్కా బూర. నేను ఊదుతున్ననా? ఇగ చూడు." వాడు దాన్ని పెదాలకు పెట్టుకున్నాడు. గాలి మాత్రమే వచ్చింది. ఎండుటాకులు కదిలినట్టు చిన్న చప్పుడు. దగ్గు వచ్చి ఆగిపోయాడు. "కుళాయి చేయించు. దానికెల్లి నీళ్లన్న వస్తయ్."

నేను ఆ రాత్రి భోజనం చేయలేదు. వాడు చేశాడు, నన్ను చూస్తూ, కావాలనే పెద్ద పెద్ద ముద్దలు పెట్టుకుంటూ.

బహుళ చవితి, పెంబర్తి

కాజీపేటలో రైలెక్కి ఇక్కడ దిగాను. సారంగం ఒక్కడే ఉన్నాడు. నీళ్లు ఎక్కించుకోవడం వాడికి చేతనవును. పొయ్యి ఆరిపోకుండా చూసుకుంటానన్నాడు. కిటికీ చెక్కలు కోసి పక్కన పేర్చి వచ్చాను.

వీరాచారి పొడుగ్గా, వంగిపోయి ఉన్నాడు. భార్య భూదేవమ్మ కొలిమి తిత్తి ఊపుతోంది. ట్రంపెట్ చేతికివ్వగానే అతను దాన్ని తిప్పి చూసి, పక్కన పెట్టాడు.

"దీన్ని కరగబెట్టాల్నా? ఇది వాయించేటిదమ్మా."

"తెలుసు."

"ఎవలది?"

"మా తమ్మునిది."

"సచ్చిపోయిండా?"

"లేదు. బతకాలనే తెచ్చిన."

ఆమె తిత్తి ఊపడం ఆపింది. ఆయన ట్రంపెట్ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. కూలి కింద మిగిలిన ఇత్తడి ఉంచుకుంటానన్నాడు. సరేనన్నాను. గొట్టాన్ని సుత్తితో చదును చేస్తుంటే బయటికి వచ్చి నిలబడ్డాను. అక్కడ కూడా వినపడింది.

మొదటి పోత చెడింది. అచ్చులో చెమ్మ మిగిలిందట, కుళాయి ఒంటినిండా సూదిబెజ్జాలు. నీళ్లు పోసి చూస్తే చెమట పట్టినట్టు బయటికి ఊరాయి. వీరాచారి అచ్చును విసిరికొట్టాడు. మళ్లీ కరిగించాలి. కొత్త అచ్చు ఆరాలి. అంటే రేపు.

"రేపు పొద్దుగాల ఇస్త. ఈడనే పండు బిడ్డా," అన్నది భూదేవమ్మ.

ఇంట్లో చెక్కలు రేపటికి సరిపడా లేవు. రైలు మళ్లీ రేపే. ఎవరితో కబురు పంపను? గోడకు ఆనుకుని ఇది రాస్తున్నాను.

బహుళ పంచమి

రెండో పోత నిలిచింది. కుళాయి చేతిలో బరువుగా ఉంది. మరలను ఆయనే ఆకురాయితో సరిచేశాడు.

ఇంటికి వచ్చేసరికి పొయ్యి చల్లగా ఉంది. సారంగం బాల్కనీలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన సగం కోసిన తలుపు.

"కోద్దామని చూసిన. నా వల్ల కాలే. పొద్దుగాల ఆరిపోయింది."

గాజుజాడీ పట్టుకుని చూశాను. కలిపే గొట్టం మీద పొడి లేదు. ప్రాణం కుదుటపడింది.

"కడుపులకెల్లి నీళ్లు ఎట్లొచ్చినయ్?"

"తేటగనే వచ్చినయ్."

అదే రాస్తున్నాను. తేటగా వచ్చాయి.

బహుళ షష్ఠి

ఇవాళ కుళాయి బిగించాను.

పీపా అడుగున మిగిలిన చెమ్మంతా గుడ్డతో తీసేశాను. విరిగిన ప్లాస్టిక్ మెడలో సగం ఇంకా మరల్లోనే ఇరుక్కుపోయి ఉంది. కత్తిని పొయ్యి మీద ఎర్రగా కాల్చి లోపల గుచ్చి తిప్పాను. ముక్కలు ముక్కలుగా, పిండిపిండిగా వచ్చింది. మరలను పాత గుడ్డతో తుడిచి, సూదితో గీరి, మళ్లీ తుడిచాను. ఒక్క రేణువు మిగిలినా ఇత్తడి సరిగ్గా కూర్చోదు. కొత్త కుళాయి మరలకు జనపనార చుట్టి, నువ్వులనూనెలో కలిపిన సుద్ద పూశాను. లక్క వాడలేదు. ఈసారి వేడికి మెత్తబడేదేదీ వాడలేదు.

చేతితో తిప్పినంత తిప్పి, చివరి చుట్లు పటకారుతో బిగించాను. సారంగం ముక్కాలిపీట మీద కూర్చుని చూస్తున్నాడు.

"ఇంక చాలు, పగుల్తది," అన్నాడు.

"పగలదు. నీ బూర."

నీళ్లు వదిలాను. మధ్యాహ్నం కరెంటు వచ్చింది. పీపా లోపల గుయ్‌మని చప్పుడు మొదలైంది. కుళాయి కింద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. నీళ్లు కాగాయి. పీపా పక్కలు వేడెక్కాయి. అరచెయ్యి పొడిగానే ఉంది. పిచ్చిదానిలా కేక పెట్టాను. వేడినీళ్లు పట్టి, జాడీ నింపి, గుడ్డ ముంచి, "సారంగం, చొక్కా ఎత్తు" అన్నాను.

వాడు ఎత్తలేదు.

"ఆగక్కా. కూసో."

"చల్లారిపోతయ్, ఎత్తు."

"కూసో అంటున్న గదా."

చొక్కా నేనే ఎత్తాను. గొట్టం పొట్టలోకి దిగేచోట, చర్మం చుట్టూ, తెల్లగా. చెయ్యి వేస్తే ఒళ్లు కాలిపోతోంది.

"ఎప్పటి సంది?"

"నువ్వు పెంబర్తికి పోకముందే. బియ్యం కడుగునీళ్ల లెక్క వస్తున్నయ్. నువ్వు చూడకుండ పారబోసిన."

"ఎందుకు చెప్పలే? ఎందుకు చెప్పలేరా?"

"చెప్తే పెంబర్తి పోవుడు ఇడిసిపెట్టి దవాఖానకు ఉరుకుతవ్. దవాఖానల ఏమున్నదని? వేడినీళ్లు ఉంటే తగ్గుతదేమో అనుకున్న." చొక్కా కిందికి లాక్కున్నాడు. "నువ్వు అంత కష్టపడి చేస్తున్నవ్ అక్కా. నోరు రాలే."

గుడ్డ నా చేతిలోనే చల్లబడింది.

బహుళ అష్టమి, ఆసుపత్రి

సులోచన సిస్టర్ నన్ను వరండాలోకి పిలిచింది. చేతిలో గాజుపళ్లెం, పళ్లెంలో తీసిన గొట్టం. వానపాములా ముడుచుకుని ఉంది. లోపలి సగం లేదు.

"లోపల పొడి అయిపోయిందమ్మా. ఉన్నంతల కడిగినం. సూదులు ఇస్తున్నం, జ్వరం దిగొచ్చు."

"కొత్త గొట్టం?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"హైదరాబాదుల?"

"ఎక్కడ లేదు."

"మరి నీళ్లు ఎట్ల తీస్తరు సిస్టర్? మలినం ఎట్ల పోతది?"

ఆమె నా భుజం పట్టుకుంది. పళ్లేన్ని వెనక్కి దాచుకుంది. ఈ వరండాలో ఈ మాట ఎంతమందికి చెప్పిందో. చెప్పడం అలవాటు కాలేదు ఆమెకు.

"ఇంటికి తీస్కపో. ఉప్పు, నీళ్లు తక్కువియ్యి. ఏం తింటనంటే అది పెట్టు."

బహుళ దశమి

జ్వరం దిగింది. ముఖం, కాళ్లు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరి ఆడటం లేదని గోడకు ఆనించి కూర్చోబెట్టాను.

పొద్దున కళ్లు తెరిచి అన్నాడు. "అక్కా, స్నానం చేస్త."

"తుడుస్త ఉండు."

"తుడుసుడు కాదు. స్నానం. గొట్టం పెట్టినప్పటి సంది తడిగుడ్డనే. నెత్తి మీదికెల్లి నీళ్లు పోస్కొని ఎన్నేండ్లాయె."

"కుట్లున్నయ్. పుండుకు తడి తగులుతది."

వాడు నన్ను చూశాడు. కోపం లేదు. చిన్నపిల్లకు అర్థమయ్యేలా చెప్పాలన్నట్టు చూశాడు.

"తగిల్తే ఏమైతది?"

లేచి కుంకుడుకాయలు నానబెట్టాను.

మధ్యాహ్నం కరెంటు వచ్చి పోయేదాకా ఆగాం. స్నానాలగదిలో పీట వేసి, చంకల కింద చేతులు పెట్టి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. పుట్టెడు బరువుంటాడనుకున్నాను. అంత ఉబ్బినా తేలిగ్గా ఉన్నాడు. కుంకుడురసం తీసి పెట్టాను. మొదటి చెంబు తల మీద పోయగానే గట్టిగా ఊపిరి పీల్చి కళ్లు మూసుకున్నాడు. రెండో చెంబుకు నోరు తెరిచాడు. తల రుద్దుతుంటే మెడ వాల్చేశాడు. నురగ కళ్లలోకి పోతుందేమోనని నుదురు మీద చెయ్యి అడ్డం పెట్టాను. చిన్నప్పుడు కూడా అట్లాగే పెట్టేదాన్ని. ఏడ్చి గోల చేసేవాడు. ఇప్పుడు కదల్లేదు.

"చాలా?"

"ఇంక పొయ్యి."

పోశాను. గదంతా ఆవిరి. వాడి వీపు ఎర్రబడింది.

"ఇంక?"

"ఇంకక్కా. ఆగకు."

పైగొట్టంలో నీళ్లు సన్నబడ్డాయి. అడుగు కుళాయి తిప్పాను. మెత్తగా తిరిగింది. సున్నం కలిసిన తెల్లని నీళ్లు వచ్చాయి.

"ఇవి మంచిగ లేవురా. అడుగునీళ్లు."

"వేడిగున్నయా?"

"ఉన్నయ్."

"అయితే పొయ్యి."

పీపా ఖాళీ అయ్యేదాకా పోశాను. వాడు వణకలేదు. తుడిచి, ఉతికిన పంచె కట్టి, మంచం మీద గోడకు ఆనించాను. కొబ్బరినూనె రాసి తల దువ్వాను. "ఒళ్లు తేలికైంది" అన్నాడు. కాసేపటికి, "పండుకుంట" అన్నాడు.

బహుళ ద్వాదశి

నిన్న వాణ్ని కాల్చి వచ్చాం.

ఏం రాయాలో తెలియడం లేదు. ఎక్కించినవి లేవు, వచ్చినవి లేవు. మధ్యాహ్నం కరెంటు వచ్చింది. గీజరు గుయ్‌మంది. ఆపుదామని లేచి, గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. నీళ్లు ఎవరి కోసం కాగుతున్నాయో దానికేం తెలుసు. కాగుతూనే ఉంది. కుళాయి చుక్క కూడా కారడం లేదు. పటకారు తీసి దాన్ని పగలగొట్టాలనిపించింది. పటకారు చేతికి కూడా తీసుకున్నాను.

అప్పుడే ఎవరో తలుపు కొట్టారు.

ముప్పయ్యేళ్లుంటాయేమో. ఎప్పుడూ చూడలేదు. చెంగు కింద గాజుసీసా దాచుకుని ఉంది. సీసాలో చల్లారిన నీళ్లు, నీళ్లలో చుట్టచుట్టిన గొట్టం.

"అక్కా, మీ ఇంట్ల వేడినీళ్లు ఉంటయట గదా. సులోచన సిస్టర్ చెప్పింది. మా ఆయనకు గొట్టం ఉన్నది. వడ్డెపల్లికెల్లి నడిసొచ్చిన. కట్టెలు అయిపోయినయ్."

ఒక్క క్షణం ఆమెను తోసేసి తలుపు వేయాలనిపించింది. వాడి నీళ్లవి. వాడి ఇత్తడిలో నిలబడ్డ నీళ్లు.

నేను పక్కకు జరిగాను. ఆమె లోపలికి వచ్చి, స్నానాలగదిలో పీపా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. సీసాలో నీళ్లు మార్చడం ఆమెకు రాలేదు. చేతులు కాల్చుకుంటోంది. పక్కన కూర్చుని చేసి చూపించాను. గొట్టం కొస వెలుతురుకు పట్టి చూశాను. పొడి లేదు. ఎక్కడా లేదు.

వెళ్లేముందు చెంగుతో కళ్లు ఒత్తుకుంది. "రోజూ రావచ్చా అక్కా?"

"రా."

గుమ్మం దాకా వెళ్లి ఆగింది. లోపలి గదిలోకి, పక్క సర్దిన మంచం వైపు చూసింది.

"మీ ఇంట్ల గొట్టం ఎవలకు?"

"మా తమ్మునికి."

"ఎట్లున్నడిప్పుడు?"

ఆమె చెంగు కింద సీసా ఆవిరి కక్కుతోంది. వడ్డెపల్లి దాకా నడవాలి. ఇంటికి వెళ్లి మొగుడికి ఏదో ఒకటి చెప్పాలి.

"మంచిగున్నడు," అన్నాను. "స్నానం చేసి పండుకున్నడు."